పెచ్చులు – పద్నాలుగో భాగం: సున్నం ఇల్లు

పోయిన వారం మనం రంగుల మేస్త్రిని అతని గుమ్మంలోనే నిలబెట్టి వచ్చేశాం. మనకు వారం గడిచింది గానీ, పాపం, అతనికి ఒక్క గుటక మింగినంత సేపే అయింది. చేతిలో మనవరాలి రక్తపరీక్ష కాగితం ఉంది. కాగితం మీద సీసం ఎదురుగా ముప్పై ఎనిమిది అనే అంకె ఉంది. అయిదు దాటితేనే జాగ్రత్త పడాలట, నలభై అయిదు దాటితే ఆస్పత్రిలో చేర్చి మందు పెట్టాల్సిందేనట. మూడు నెలల కిందట ఇదే పిల్లకు ఇదే పరీక్ష చేస్తే తొమ్మిది వచ్చింది. ఆ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. గుమ్మం బయట ప్రభుత్వం జీపు ఆగింది, అందులోంచి ఇళ్లలో సీసాన్ని పరీక్షించే మిషను తెచ్చే ఆఫీసరమ్మ, ఊరి నోట్లో మిషనమ్మ, దిగింది.

కొత్తగా మనతో కలిసినవాళ్ల కోసం ఇంకో రెండు ముక్కలు. ఈ ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఏ గోడకు రంగు పడినా, ఏ తలుపు మెరిసినా అది మన మేస్త్రి చేతి చలవే. ఆ పాత రంగుల్లో సీసం ఉందని, పెచ్చులూడిన పొడి పిల్లల నోళ్లలోకి పోయి, రక్తంలో చేరి, బుర్ర ఎదగకుండా చేస్తుందని ఈ ఏడాదే బయటపడింది. పల్లె ఇళ్లను బాగు చేయడానికి ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. మిషను ఎక్కడ ఎర్రదీపం చూపిస్తే ఆ ఇంటి గోడలు గీకిస్తారు, తలుపులూ కిటికీలూ మార్పిస్తారు, పని అయ్యేదాకా ఇంటిల్లిపాదికీ వేరే చోట బస ఇస్తారు, ఆ ఇంటి పిల్లల వైద్యం సర్కారే చూసుకుంటుంది. పచ్చదీపం వెలిగిందా, మీ ఇల్లు బాగుంది అని ఒక కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోతారు. దాంతో ఊళ్లో జనం చిత్రంగా తయారయ్యారు. మా ఇంట్లో విషం ఉండాలి దేవుడా అని దండం పెట్టుకునే రోజులు వచ్చాయి.

మిషనమ్మకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. నవ్వితే ఎవరైనా సంతకం అడుగుతారేమో అన్నట్టు ఉంటుంది మొహం. నల్లసంచిలోంచి తుపాకీలాంటి మిషను తీసి, చేతి రుమాలుతో దాని మూతి తుడిచింది. ఆ మూతిని గోడకు ఆనించి మీట నొక్కితే చాలు, పైన ఎన్ని కోటింగులు ఉన్నా అడుగున దాక్కున్న సీసాన్ని పసిగట్టేస్తుంది.

"సామానంతా బయట పెట్టారా?" అని అడిగింది.

"పెట్టాం మేడమ్. మంచాలతో సహా వాకిట్లో పడేశాం," అంది కోడలు.

కోడలి మొహంలో వారం నుంచి రక్తం లేదు. మొగుడు లారీ మీద వెళ్లి పది రోజులైంది. ఫోను చేసి ఏం చెప్పాలో తెలియక, చెప్పకుండా ఉండలేక, "గువ్వకు కొంచెం నలతగా ఉంది" అని మాత్రం చెప్పి పెట్టేసింది. గువ్వ అంటే పాప. ఏడాదిన్నర పిల్ల. నెల రోజులుగా తిండి సహించడం లేదు. కొత్తగా నేర్చుకున్న "తాతా" అనే మాట కూడా ఈ మధ్య తగ్గించేసింది. అందరికంటే మేస్త్రిని ఎక్కువ భయపెట్టింది అదే.

కంచె అవతల అప్పటికే పది పదిహేనుమంది మూగారు. ముందు వరసలో కొట్టు వదిన, చంకలో మనవడు. ఊరందరికీ ఆమె వదినే. సరుకులు తూచే తక్కెడ ఎంత నిక్కచ్చిగా ఉంటుందో నోరు అంత నిక్కచ్చిగా ఉంటుంది.

"బాగా చూడండి మేడమ్! మూలమూలలూ చూడండి! ఊరందరికీ విషం పూసి, తన కొంపకు మాత్రం సున్నం వేసుకున్నాడు మహానుభావుడు. తెలియకుండానే వేసుకున్నాడంటారా?"

"వదినా, నీకు దండం పెడతాను, కాసేపు ఊరుకో," అన్నాడు మేస్త్రి.

"ఎందుకు ఊరుకోవాలి? నా కొట్టు గోడలకు ఆకుపచ్చ వేసింది నువ్వు కాదూ? నీ ఇంటిని తెల్లగా ఎందుకు ఉంచుకున్నావో చెప్పు మరి!"

చెప్పడానికి ఏముంది? చెప్పినా నమ్మేదెవరు? మేస్త్రి భార్యకు రంగు వాసన పడేది కాదు. కాస్త తగిలితే చాలు, ఆయాసంతో మంచం పట్టేది. కాపురానికి వచ్చిన నెల రోజులకే, "నీ డబ్బాలు ఈ గడప లోపలికి వస్తే నేను ఈ గడప బయటికి వెళతాను," అని తేల్చి చెప్పింది. ఆ రోజు నుంచి పనిబట్టలు షెడ్డులోనే విప్పి, అక్కడే నూతి దగ్గర స్నానం చేసి, వేరే చొక్కా తొడుక్కుని ఇంటికి రావడం మేస్త్రికి అలవాటైంది. ఆమె పోయి ఆరేళ్లయినా అలవాటు పోలేదు. ఊళ్లో ఎవరూ తొంగిచూడని విషయం ఇది. ఇప్పుడు ఇలాంటి సాక్ష్యం చెబితే, చచ్చిపోయిన పెళ్లాం మీద పెట్టి తప్పించుకుంటున్నాడని నవ్వుతారు.

మిషనమ్మ లోపలికి నడిచింది. మొదటి గోడకు మిషను ఆనించింది. మీట నొక్కింది. మేస్త్రి లోపల లెక్కపెట్టుకున్నాడు, ఒకటి, రెండు, మూడు. పదిహేను దగ్గర టిక్కుమంది. పచ్చదీపం.

రెండో గోడ. పచ్చ. తలుపు, మామూలు కర్ర, నూనె తప్ప ఏమీ ఎరగదు. పచ్చ. కిటికీ రెక్క, కిటికీ చువ్వ, వంటగది గట్టు, దూలం. పచ్చ, పచ్చ, పచ్చ. పచ్చదనం చూసి ఇంతగా బెదిరిపోయిన మనిషి ఈ లోకంలో మన మేస్త్రి ఒక్కడే ఉంటాడు. ప్రతి టిక్కుకూ అతని గుండె ఒక మెట్టు కిందికి దిగింది. ఒక్క చోట ఎర్రగా వెలుగు తల్లీ, ఒక్క చోట, అని మనసులో మిషనును బతిమాలుకున్నాడు. దొరికిన దొంగను కట్టేయవచ్చు. దొరకని దొంగ ఇంట్లోనే తిరుగుతున్నాడంటే ఏ మూల చూసుకుంటాం?

చివరి గది చివరి గోడ కూడా అయిపోయింది. మిషనమ్మ వరండా మెట్టు మీద కూర్చుని ఫారం తీసింది. గోడలు, తలుపులు, కిటికీలు, పైకప్పు, గేటు అని వరసగా గళ్లు ఉన్నాయి. అన్నిటి ఎదురుగా ఒకే మాట రాసుకుంటూ వెళ్లింది.

"ఈ ఇంట్లో సీసం లేదమ్మా."

కోడలు అక్కడే కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు మేస్త్రి. ఆమె ఏడవలేదు. గొంతు మాత్రం పైకి లేచింది.

"లేకపోతే నా పిల్ల ఒంట్లోకి ఎక్కణ్నుంచి వచ్చింది మేడమ్? గాల్లోంచి ఊడిపడిందా?"

"నాకు తెలియదమ్మా. నేను ఇల్లు మాత్రమే చూస్తాను."

"ఇల్లు బాగుందంటారు, పిల్ల బాగా లేదంటారు. రెండూ మీ కాగితాలే కదా! ఏది నమ్మమంటారు?"

"రెండూ నిజమే."

"అయితే ఆస్పత్రికి రాయండి. గోడలు ఎవరడిగారు? మా గోడలు మాకే ఉంచండి. మందొక్కటి ఇప్పించండి చాలు."

మిషనమ్మ కలం మూత పెట్టింది, మళ్లీ తీసింది. ఆమె కూడా మనిషే కదా. "పథకం డబ్బు ఇంటి మీద వస్తుందమ్మా, పిల్ల మీద రాదు. ఎర్ర గడి ఒక్కటైనా లేకపోతే ఈ ఫైలు ఇక్కడితో మూసేస్తారు. నేను పంపినా పైవాళ్లు తిప్పికొడతారు. అంతకంటే పెద్ద మాట ఒకటి చెబుతాను, వినండి. మందు ఇచ్చినా లాభం ఉండదు. ఎక్కణ్నుంచి వస్తోందో తెలుసుకుని ఆపకపోతే, ఇవాళ కడిగిన రక్తంలోకి రేపు మళ్లీ చేరుతుంది. తొమ్మిది నుంచి మూడు నెలల్లో ముప్పై ఎనిమిదికి పోయిందంటే అర్థం ఏమిటి? ఇప్పుడు కూడా పోతోందని. ఇవాళ పొద్దున కూడా పోయి ఉంటుందని."

ఇవాళ పొద్దున కూడా. మేస్త్రి పొద్దుటి నుంచి జరిగినవన్నీ వెనక్కి తిప్పుకున్నాడు. పొద్దున పిల్ల పాలు తాగింది, సగం అరటిపండు తింది, తన భుజం మీద కాసేపు నిద్రపోయింది. వీటిలో ఏది?

"మీ పనిబట్టలు?" అని మిషనమ్మ అతని వైపు తిరిగింది.

"ఇంటికి రావమ్మా. షెడ్డులోనే విప్పేస్తాను. స్నానం కూడా అక్కడే."

"నిజమే మేడమ్," అంది కోడలు. "మావయ్య బట్టలు నేను ఇప్పటిదాకా ఒక్కటి కూడా ఉతకలేదు."

మిషనమ్మ కలం మూత పెట్టింది. ఫారం సంచిలో పెట్టేసింది. అంటే ఇక సర్కారు పని అయిపోయిందన్నమాట. లేచి వెళ్లిపోతుందనుకున్నారు. వెళ్లలేదు.

"ఈ మూడు నెలల్లో ఈ ఇంట్లోకి కొత్తగా ఏం వచ్చింది? గుర్తు చేసుకుని చెప్పండి. గుండుసూది దగ్గర్నుంచి."

కోడలు వేళ్లు మడిచింది. "పాప గిన్నె ఒకటి. స్నానానికి ప్లాస్టిక్ తొట్టి. దోమతెర. నాకు రెండు నైటీలు. ఒక గొడుగు..."

అన్నీ వాకిట్లోనే ఉన్నాయి. మిషనమ్మ ఒక్కొక్కదానికీ మిషను ఆనించింది. గిన్నె పచ్చ. తొట్టి పచ్చ. గొడుగు పిడి పచ్చ. కంచె అవతల జనం గుసగుసలు మాని గుడ్లప్పగించి చూస్తున్నారు.

అప్పుడు వినిపించింది, కిర్రు, కిర్రు, కిర్రు.

వాకిట్లో మంచాల చాటునుంచి గువ్వ బండి తోసుకుంటూ వచ్చింది. నడక నేర్చుకునే పిల్లలు పట్టుకుని తోసే మూడు చక్రాల చెక్క బండి. నాలుగడుగులు వేసి, అలిసి, ఆగింది. రెండు చేతులూ బండి పిడి మీద వేసి, వంగి, ఆ పిడికే నోరు ఆనించింది. కొత్తగా వచ్చిన పళ్లతో కరకరలాడించింది. రోజూ చేసేదే. రోజూ చూసి నవ్వుకునేదే.

మేస్త్రి చూపు ఆ పిడి మీదే ఆగిపోయింది.

అది మామూలు చెక్క కాదు. రంగులేసేవాళ్లకు ఒక పద్ధతి ఉంటుంది. సాయంత్రం పని దిగాక, బ్రష్షును కిరసనాయిల్లో ముంచేముందు, దానికి అంటుకున్న రంగునంతా ఒక చెక్క పలక మీద తుడుస్తారు. మేస్త్రి పని మొదలుపెట్టిన రోజున తెచ్చుకున్న పలకే చివరిదాకా ఉంది. షెడ్డులో గోడకు ఆనించి ఉండేది. ఇవాళ నీలం, రేపు పసుపు, ఎల్లుండి ఎరుపు, పొర మీద పొర, ముప్పై ఏళ్లకు రెండు వేళ్ల మందం పెచ్చు కట్టింది. మూడు నెలల కిందట షెడ్డు పైకప్పు కూలి, మళ్లీ వేయించేటప్పుడు దాన్ని పారేయబోతే, చిన్ననాటి నేస్తం వడ్రంగి ఆపాడు. ఊరికే చూద్దామని ఒక అంచు చిత్రిక పట్టాడు. పట్టేసరికి లోపలి పొరలన్నీ సన్నటి చారలై బయటపడ్డాయి. అంత అందమైన చెక్కను వాళ్లిద్దరూ జన్మలో చూడలేదు. "బావా, నీ బతుకంతా ఇందులో ఉందిరా! దీన్ని పారేస్తావా? నీ మనవరాలికి బండి చేస్తాను ఉండు," అన్నాడు వడ్రంగి.

బండి ఇంటికి వచ్చిన రోజు మేస్త్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని, గువ్వ చూపుడువేలు పట్టుకుని చారల మీద నడిపించాడు. "ఇదిగో ఈ పసుపు బడి గోడలు. ఇదేమో కొట్టు వదిన ఆకుపచ్చ. ఈ ఎరుపు పాలకేంద్రం తలుపులు. ఇవన్నీ మీ తాత వేసినవే తల్లీ!" అన్నాడు. గువ్వ ఆ వేలిని తిరిగి నోట్లో పెట్టుకుంది. ఆ తరవాత రోజూ అదే ఆట. డబ్బాలు గడప దాటకూడదని పెళ్లాం పెట్టిన ఆనను ముప్పై ఏళ్లు కాపాడాడు. కానీ అది డబ్బా కాదు కదా, చెక్క. చెక్కను ఎవరు అనుమానిస్తారు?

ఇప్పుడు చెప్పాలా? ఆ ఒక్క క్షణం మేస్త్రికి కలిగిన ఆలోచనను దాచడం కథకుడికి న్యాయం కాదు. చెప్పకుండా, రాత్రికి రాత్రే బండిని పొయ్యిలో పెట్టేస్తే? పిల్లకు తగ్గుతుంది. కోడలికి తెలియదు, కొడుక్కి తెలియదు, కంచె అవతల నిలబడ్డ ఊరికి అసలే తెలియదు. నా చేతులతో నేనే పెట్టానని నోరు విప్పితే ఈ ఇంట్లో మళ్లీ తనకు పిల్లను ఎత్తుకునే రాత ఉంటుందా? భయం మనిషిని ఎంత చిన్నవాణ్ని చేస్తుందో చూడండి. కన్నకొడుకు కంటే ఎక్కువగా చూసుకున్న పిల్ల ఎదురుగా విషం కొరుకుతుంటే, తన మొహం దాచుకోవడం గురించి ఆలోచించాడు.

గువ్వ మళ్లీ పిడి కొరికింది. చిన్న రంగు పలుకు ఒకటి పెదవికి అంటుకుంది.

"బండి!" అని మేస్త్రి గావుకేక పెట్టాడు. "అమ్మాయ్, బండి! పిల్లను లాగు! ఆ బండి... అది నా పలక!"

కోడలికి పలక సంగతి తెలియదు. కేక మాత్రం అర్థమైంది. ఒక్క ఉదుటున వెళ్లి పిల్లను ఎత్తుకుంది. మిషనమ్మ వంగి పిడికి మిషను ఆనించింది. ఈసారి పదిహేను దాకా రాలేదు, రెండు లెక్కపెట్టేలోపే మిషను కీచుమని అరిచింది. ఎర్రదీపం. అంకె ఆగకుండా పైకి పోతూనే ఉంది. మిషనమ్మ నొసలు ముడిచి, మిషను తీసి, మూతి తుడిచి, మళ్లీ పెట్టింది. మళ్లీ అదే అరుపు.

కంచె అవతల గోల లేచింది. "చూశారా! ఎర్రదీపం! వాకిట్లో ఏదో దాచాడు!" అంటోంది కొట్టు వదిన. దూరం నుంచి ఆమెకు దీపం కనిపించిందే గానీ మాట వినిపించలేదు.

"ఏ పలక?" అని మిషనమ్మ మెల్లగా అడిగింది.

మేస్త్రి చెప్పాడు. మంచం కోడు పట్టుకుని చెప్పాడు. బ్రష్షు తుడవడం, ముప్పై ఏళ్ల పొరలు, చిత్రిక, చారలు, పిల్ల వేలు. 

"పాత పసుపులో, పాత ఎరుపులో ఉన్నంత సీసం ఇంకెందులోనూ ఉండదు," అంది మిషనమ్మ. తిట్టినా బాగుండేది, ఆమె తిట్టలేదు. "అవన్నీ అడుగున పడి ఉండేవి. చిత్రిక పట్టి పైకి తెచ్చారు."

మేస్త్రి కోడలి వైపు రెండడుగులు వేశాడు. గువ్వ అలవాటుగా రెండు చేతులూ అతని వైపు చాచింది. వారం తరవాత మొదటిసారి "తా" అంది.

"అక్కడే ఆగండి మావయ్యా."

ఆగాడు.

"దగ్గరికి రాకండి. మీ చేతులకు ఏముందో నాకేం తెలుసు?" అంది కోడలు.  ఆ మాట కోపంతో అన్నది కాదు, భయంతో అన్నది. బొంగరంలా తిరుగుతూ బిందె వెతికింది, పిల్ల నోట్లో వేలు పెట్టి పలుకు తీసింది, నీళ్లతో కడిగింది, మళ్లీ కడిగింది. పిల్ల ఉక్కిరిబిక్కిరై ఏడుపు లంకించుకుంది. బండి వైపు చూపిస్తూ, తాత వైపు చూపిస్తూ ఏడ్చింది. "అది కొరుకుతుంటే నేను ఫొటో తీశాను మావయ్యా. ఆయనకు పంపించాను. చూడు మన గువ్వకు పళ్లొస్తున్నాయి అని..." అని, ఇక ఆపుకోలేక ఆమె కూడా ఏడ్చేసింది.

తన చేతులను మేస్త్రి తనే చూసుకున్నాడు. ఊళ్లో గోడలకు అంత నున్నగా లప్పం పట్టే చేతులు ఇంకెవరికీ లేవని పేరు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్," అన్నాడు. "ఎర్రదీపం వెలిగింది కదా. ఆ ఫారంలో రాయండి. నా పేరే రాయండి, తప్పు నాదే అని రాయండి. పిల్లకు మందు ఇప్పించండి."

"ఫారంలో బండికి గడి లేదు మేస్త్రిగారూ. ఇంటికి అతుక్కుని ఉన్నవే పథకంలోకి వస్తాయి, కదిలేవి రావు," అంది మిషనమ్మ. అని, సంచిలోంచి ఫారం మళ్లీ తీసింది. గళ్ల కింద ఖాళీ జాగాలో గబగబా రాయసాగింది. "గడి లేకపోతే అడుగున రాస్తాను. తిప్పికొడితే మళ్లీ రాస్తాను. ఆ పలక ఎంత పొడుగు?"

"ఆరడుగులు. నా కంటే కాస్త ఎత్తు."

ఆమె కలం ఆగింది. బండిని పైనుంచి కిందికి చూసింది. పిడి ఒకటి, రెండు పక్క చెక్కలు. ఎంత కూడినా రెండడుగులు దాటదు.

"మిగతాది ఏమైంది?"

 ఈ ప్రశ్న మేస్త్రికి ఈ మూడు నెలల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. సరిగ్గా అప్పుడే కంచె దగ్గర జనాన్ని తోసుకుంటూ వడ్రంగి వచ్చాడు. తన పనికి ఏదో వంక పెడుతున్నారని ఎవరో చెవిలో ఊదినట్టున్నారు, వస్తూ వస్తూనే ఎగిరిపడ్డాడు.

"ఏంటి బావా, నా బండికి ఏమొచ్చింది? చక్రం ఊడిందా? ఊడదే! మేకు కొట్టకుండా బిగించిన పని అది!"

"బావా, మిగతా పలక ఏం చేశావు?"

"ఏ పలక?"

"నా పలకరా! బండి చెయ్యగా మిగిలింది! పారేశావు కదూ? పారేశానని చెప్పు!"

వడ్రంగి నవ్వాడు. మేస్త్రి మొహం చూడకుండా నవ్వాడు, అదీ అతని దురదృష్టం. ఇన్నాళ్లు దాచుకున్న మంచి కబురు చెప్పే సమయం వచ్చిందనుకున్నాడు.

"అంత మంచి చెక్కను పారేస్తానా? నీకు చెబితే పొగుడుతావని చెప్పలేదు గానీ, గిలక్కాయలు చేశాను బావా! ఇరవై రెండు! చారలన్నీ పైకి కనిపించేటట్టు గుండ్రంగా తరిగి, నున్నగా రుద్ది, రెండేసి బిళ్లలు తాడుకు గుచ్చాను. రంగు వేస్తే పిల్లలు నాకుతారని, రంగు కూడా వెయ్యలేదు. టీకాల రోజున నర్సమ్మ చేతిలో పెట్టాను. సూది గుచ్చిన ప్రతి పసివాడికీ ఒకటి. ఒక్కడు ఏడిస్తే ఒట్టు! పక్క ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు కూడా పంచిందట."

 మిషనమ్మ చేతిలో కలం కింద పడింది. కోడలు తడి చేతులతో పిల్లను పట్టుకుని అలాగే ఉండిపోయింది. వడ్రంగి ఒకరి తరవాత ఒకరి మొహాలు చూస్తూ, నవ్వు మొహం మీదే మరిచిపోయి నిలబడ్డాడు.

అప్పుడే కంచె అవతల నుంచి గలగలమని చిన్న చప్పుడు వచ్చింది.

మేస్త్రి తల తిప్పాడు. కొట్టు వదిన చంకలో ఆరు నెలల మనవడు. పిల్లాడి పిడికిట్లో గుండ్రటి చెక్క బిళ్లలు. పసుపు చార, ఎరుపు చార, ఆకుపచ్చ చార. పిల్లాడు ఒకసారి ఊపాడు, చప్పుడు విని కిలకిల నవ్వాడు, నోట్లో పెట్టుకున్నాడు. గడ్డం మీదుగా చొంగ కారుతోంది.

మేస్త్రి పరుగెత్తాడు. ఈ మోకాళ్లతో అతను పరుగెత్తి ఎన్నేళ్లయిందో. కంచె మీదుగా చెయ్యి చాచాడు.

"వదినా, అది ఇలా ఇవ్వు. నోట్లోంచి తియ్యి. ముందు నోట్లోంచి తియ్యి వదినా!"

కొట్టు వదిన రెండడుగులు వెనక్కి వేసింది. మనవణ్ని రెండు చేతులతో గుండెకు అదుముకుంది. ఆమె కళ్లలో కూడా భయమే ఉంది, అయితే అది మేస్త్రిని చూసి కలిగిన భయం.

"నా కొట్టు గోడలు చాలలేదా నీకు? ఇప్పుడు పిల్లాడి మీద పడ్డావా? ఆ చెయ్యి వాడికి తగిలిందంటే చూడు!"

"వదినా, నా మాట విను, అది..."

"విన్నాం! ముప్పై ఏళ్లు నీ మాటే విన్నాం!"

జనం ముందుకు కదిలారు. ఎవరో మేస్త్రి చాచిన చెయ్యి పట్టి వెనక్కి విరిచారు. మిషనమ్మ వాకిట్లోంచి ఏదో అరుస్తూ వస్తోంది, గోలలో ఒక్క ముక్క కూడా అందడం లేదు. అంతమంది కేకలకు పిల్లాడు బెదిరిపోయాడు. పెదవి విరిచి, ఏడవబోయి, ఏడుపు వచ్చినప్పుడల్లా ఈ మధ్య తనకు అలవాటైన పనే చేశాడు. గిలక్కాయను రెండు చేతులతో పట్టుకుని, మళ్లీ నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికాడు.